బిళ్ళ వేస్తే బొమ్మ పడాలి

శాంటా క్లారా, సన్నీవేల్, శాన్ హోసే ప్రాంతాలలో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో, క్లాజెట్టు అడుగున గాని గరాజులో అట్టపెట్టెలో గాని, పదో ఇరవయ్యో సీడీలు తప్పకుండా ఉంటాయి. వాటిమీద స్కెచ్ పెన్నుతో "నాన్నగారి షష్టిపూర్తి", "అమ్మాయి అన్నప్రాశన", "ఇండియా ప్రయాణం 1998" అని వ్రాసి ఉంటుంది. వీటిలో కొన్ని ఉత్త ఫొటోలు దాచిన బిళ్ళలు కావు. ఫొటోలను వరుసగా పేర్చి, వెనకాల పాటో మాటలో చేర్చి, ఇండియాలో ఉన్న పెద్దవాళ్ళు బిళ్ళ వెయ్యగానే తనంతట తానే నడిచేటట్టు తయారుచేసిన ప్రదర్శనలు. అలా తనంతట తానే నడవటం ఎలా సాధ్యమైంది, తరవాత ఎందుకు ఆగిపోయింది, ఆ బిళ్ళలను ఇప్పుడు ఏం చెయ్యాలి అన్నదే ఈ వ్యాసంలోని విషయం. కంప్యూటరు రంగంలో పనిచేసే సభ్యులకు ఇందులో కొంత తెలిసిందే కావచ్చు. మిగతావారిని దృష్టిలో పెట్టుకుని వ్రాస్తున్నాను.

స్లైడుల కాలం

సీడీ రాకముందు ఈ కోరిక లేకపోలేదు. కోడక్ కంపెనీ 1961లో కారౌసెల్ అనే స్లైడు ప్రొజెక్టరును బజారులోకి తెచ్చింది. గుండ్రని పళ్ళెంలో 80 స్లైడులు పడతాయి. మీట నొక్కితే ఒకటి దిగి ఇంకొకటి ఎక్కుతుంది. దీనికి టేపు రికార్డరును జతచేసి మనిషి అక్కర లేకుండా నడిపే పద్ధతి కూడా వచ్చింది. టేపులో ఒక దారిన మాటలు, ఇంకో దారిన సెకనుకు 1000 కంపనాలు గల చిన్న కూత రికార్డు చేసేవారు. బుర్రకథలో కథకుడు ఆగినచోట వంతలు అందుకున్నట్టు, టేపు కూత పెట్టినచోట ప్రొజెక్టరు అందుకుని స్లైడు మార్చేది. చూసేవాళ్ళకు ఆ కూత వినిపించదు, మాటలు మాత్రమే వినిపిస్తాయి.

అయితే ఈ సరంజామా అంతా ఇక్కడ ఉంటే ఇక్కడే పనికివచ్చేది. తెనాలిలోనో వరంగల్లులోనో అమ్మానాన్నల ఇంట్లో స్లైడు ప్రొజెక్టరు ఎక్కడిది? అందుకని ఫొటోలు కవరులో పెట్టి పంపటం, మాటలు క్యాసెట్టులో చెప్పి పంపటం, రెండూ విడివిడిగానే సాగాయి. బొమ్మ ఒకచోట, గొంతు ఒకచోట. ఈ రెంటినీ ఒకే బిళ్ళలో కలిపి పంపవచ్చునన్న ఆశ కంప్యూటరుతోనే కలిగింది.

మన పక్క ఊళ్ళో పుట్టిన పవర్‌పాయింటు

ఇప్పుడు ప్రపంచమంతా వాడే పవర్‌పాయింటు మన శాంటా క్లారాను ఆనుకునే ఉన్న సన్నీవేల్‌లో పుట్టింది. ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ మొదలైనవారు దీన్ని తయారుచేశారు. 1987 ఏప్రిల్‌లో మెకింటాష్ కంప్యూటరు కోసం మొదటి ప్రతి విడుదలైంది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కోటీ నలభై లక్షల డాలర్లకు కొనుక్కుంది. మొదట్లో అది తెరమీద ఆడే సాధనం కాదు. నలుపు తెలుపులలో పారదర్శక పత్రాలు అచ్చువేసుకోవటానికి పనికివచ్చేది. రెండవ ప్రతిలో రంగుల స్లైడులు చేసుకునే వీలు కలిగింది. శబ్దం, కదలిక, తనంతట తానే స్లైడు మార్చుకోవటం తరవాత ఒక్కొక్కటిగా చేరాయి.

ఆఫీసులో మీటింగుల కోసం పుట్టిన ఈ సాధనాన్ని మనవాళ్ళు పెళ్ళిళ్ళకూ, షష్టిపూర్తులకూ, దసరా బొమ్మల కొలువులకూ వాడుకున్నారు. సీడీలో 650 మెగాబైట్లు పడుతుంది కాబట్టి ఫొటోలకూ, పాటకూ కావలసినంత చోటు. సీడీ వ్రాసే యంత్రాలు చవకయ్యాక, ఇంట్లోనే బిళ్ళ తయారుచేసి ఇండియా వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపటం మామూలైంది.

మూడు పంక్తుల చీటీ

ఇక చిక్కంతా అవతలి ఒడ్డున. బిళ్ళ అందుకున్న పెద్దాయనకు కంప్యూటరు తెరవటమే ఎక్కువ. ఏ ఫైలు నొక్కాలో ఆయనకు ఎవరు చెబుతారు? 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95 దీనికి ఒక ఉపాయం తెచ్చింది. సీడీ పెట్టగానే కంప్యూటరు దాని పై అరలో "ఆటోరన్.ఐఎన్ఎఫ్" అనే పేరుతో ఒక చీటీ ఉన్నదా అని చూస్తుంది. ఉంటే, అందులో వ్రాసిన ప్రకారం చేస్తుంది. ఆ చీటీలో సాధారణంగా మూడు పంక్తులే ఉంటాయి. మొదటిది ఇది ఆటోరన్ చీటీ అని చెప్పే శీర్షిక. రెండవది ఏ ప్రోగ్రాము తెరవాలో చెప్పేది. మూడవది ఏ గుర్తు చూపాలో చెప్పేది. అంతే, మంత్రం ఏమీ లేదు. బిళ్ళకూ కంప్యూటరుకూ మధ్య ఒక ఒప్పందం, అంతకంటే ఏమీ కాదు.

అవతలి కంప్యూటరులో పవర్‌పాయింటు లేకపోతే? దానికోసం మైక్రోసాఫ్ట్ వ్యూయర్ అనే చిన్న ప్రోగ్రామును ఉచితంగా ఇచ్చేది. దాన్ని కూడా బిళ్ళలో పెట్టి, చీటీలో దాని పేరు వ్రాస్తే సరి. 2003 నాటి పవర్‌పాయింటులో "ప్యాకేజ్ ఫర్ సీడీ" అనే మీట వచ్చింది. ప్రదర్శన, వ్యూయర్, చీటీ, మూడింటినీ అదే సర్దిపెట్టేది. దీనికి ముందు ప్రతి స్లైడుకూ ఎన్ని సెకన్లు అన్నది నిర్ణయించి, చివరికి వచ్చాక మళ్ళీ మొదటికి వెళ్ళమని చెప్పి ఉంచితే, పెద్దవాళ్ళు ఏదీ ముట్టుకోకుండా కూర్చుని చూసేవారు.

గొంతు ఎక్కడ పోయింది?

ఈ పనిలో చాలామందిని దెబ్బతీసిన సంగతి ఒకటున్నది. ఆ రోజుల పవర్‌పాయింటులో ఫొటో పెడితే అది ప్రదర్శన ఫైలు లోపలికే చేరేది. శబ్దం అలా కాదు. వేవ్ రకం ఫైలు 100 కిలోబైట్ల కంటే చిన్నదైతేనే లోపలికి తీసుకునేది. అంతకంటే పెద్దదైతే, మనం పరిమితి మార్చి ఉంచితే తప్ప, అది ఎక్కడ ఉన్నదో చిరునామా మాత్రం వ్రాసుకునేది. ఎంపీ3 రకమైతే ఎంత చిన్నదైనా చిరునామాయే. 100 కిలోబైట్లంటే మంచి నాణ్యతలో ఒక సెకను మాట కూడా పట్టదు. కాబట్టి ప్రదర్శన ఫైలు ఒక్కటే బిళ్ళలోకి ఎక్కిస్తే, బొమ్మలు వచ్చేవి, శబ్దం ఇక్కడి కంప్యూటరులోనే ఉండిపోయేది. తయారుచేసినవారి ఇంట్లో పరీక్షిస్తే చక్కగా వినిపిస్తుంది, ఎందుకంటే చిరునామా ఆ ఇంటిదే!

శాంటా క్లారాలో మాకు తెలిసిన ఒక కుటుంబం 2001లో తాతగారి పాత ఫొటోలన్నీ స్కాన్ చేసి, ఒక్కొక్క ఫొటో కథా ఆయన చేతనే చెప్పించి ప్రదర్శన తయారుచేసింది. ఇది ఫలానా పెళ్ళి, ఇతను మా పెదనాన్న, ఈ ఎద్దుల జత పేర్లు ఇవీ అని ఆయన తీరికగా చెప్పారు. ఆయన పోయిన కొన్నేళ్ళకు మనవలు బిళ్ళ తీసి చూస్తే బొమ్మలు వచ్చాయి, తాతగారి గొంతు రాలేదు. పాత కంప్యూటరు ఎప్పుడో పారేశారు. అదృష్టవశాత్తు తెనాలిలో చిన్నాన్నగారికి పంపిన ప్రతిలో మొత్తం ఫోల్డరు ఉన్నది, శబ్దం ఫైళ్ళతో సహా. ఆయన దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య దాచారు. అలా గొంతు దక్కింది. అందరికీ అలాంటి చిన్నాన్నగారు ఉండకపోవచ్చు.

తెలుగు అక్షరాలకూ ఇలాంటి గతే పట్టింది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, ఇంగ్లీషు అక్షరాల స్థానంలోనే తెలుగు రూపాలు పెట్టిన ఫాంట్లు వాడేవారు. అవతలి కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోతే "శుభాకాంక్షలు" అన్నచోట అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపించేవి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చాక ఈ బాధ కొంత తగ్గింది.

తెరిచిన తలుపు

బిళ్ళ పెట్టగానే అందులో వ్రాసింది చెయ్యటం అంటే, వచ్చినవాడు ఎవరని అడగకుండా వీధి తలుపు తెరవటమే. చుట్టాలు వచ్చే తలుపులోంచే దొంగలూ వస్తారు. 1998లో మెకింటాష్ కంప్యూటర్లలో క్విక్‌టైమ్ ఆటోప్లే సదుపాయాన్ని వాడుకుని ఒక పురుగు ప్రోగ్రాము వ్యాపించింది. 2005లో సోనీ బీఎంజీ అమ్మిన కొన్ని సంగీతపు సీడీలు, నకళ్ళు తీసుకోకుండా అడ్డుకోవటానికని, కొన్నవాళ్ళకు తెలియకుండా కంప్యూటరులో రహస్యపు ప్రోగ్రాములను దించుతున్నట్టు బయటపడి పెద్ద గొడవైంది. 2008 చివర్లో వచ్చిన కాన్‌ఫికర్ అనే పురుగు ఇంకా గడుసుది. పెన్‌డ్రైవులో చీటీ వ్రాసి, ఫోల్డరు బొమ్మ చూపించి, "ఫైళ్ళు చూడటానికి ఫోల్డరు తెరవండి" అన్న మాటలే చూపించేది. ఫోల్డరే కదా అని నొక్కినవారి కంప్యూటరులోకి దూరేది.

దాంతో తలుపు మెల్లగా మూశారు. 2007లో విస్టా, చీటీ ప్రకారం వెంటనే చెయ్యటం మానేసి ముందు అడగటం మొదలుపెట్టింది. 2009లో విండోస్ 7, పెన్‌డ్రైవుల చీటీలను పట్టించుకోవటమే మానేసింది. 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అదే మార్పు పంపారు. పవర్‌పాయింటు వ్యూయర్‌ను 2018 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ విరమించింది. ఈలోగా కొత్త కంప్యూటర్లలో సీడీ పెట్టే అరే మాయమైంది. పదిహేనేళ్ళు నడిచిన ఒప్పందం అలా రద్దయింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టేందుకు లేదు. కాని మన బిళ్ళలు ఆ ఒప్పందాన్ని నమ్ముకుని తయారైనవి.

ఇదే పనిని డీవీడీ వేరే దారిలో చేసింది. డీవీడీ ప్లేయరుకు పెట్టగానే మొదట ఏది ఆడాలో బిళ్ళలోనే ఒక నిర్ణీత స్థానంలో వ్రాసి ఉంటుంది. ప్లేయరు బొమ్మ చూపిస్తుందే తప్ప బయటి ప్రోగ్రాములు నడపదు కాబట్టి ఆ భయం లేదు. అందుచేత ఫొటోలను సినిమాగా మార్చి డీవీడీ చేసినవారి బిళ్ళలు, ప్లేయరు ఉన్న ఇళ్ళలో ఇప్పటికీ ఆడుతున్నాయి. ఇక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, ఇండియా పద్ధతి పాల్ అయినా, అక్కడి ప్లేయర్లు చాలావరకు రెండూ చూపిస్తాయి. అక్కణ్ణించి వచ్చిన పాల్ బిళ్ళలకే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది.

ఇప్పుడు చెయ్యవలసింది

మొదటిది, ఆలస్యం చెయ్యవద్దు. ఇంట్లో వ్రాసిన సీడీలలో సమాచారం రంగు పొర మీద ఉంటుంది. ఎండకూ వేడికీ అది పాడవుతుంది. స్లైడునైతే యాభై ఏళ్ళ తరవాత కూడా కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూడవచ్చు. సీడీని అలా పట్టుకుంటే మన మొహమే కనిపిస్తుంది.

రెండవది, యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవు ఒకటి సంపాదించండి. నలుగురు కలిసి ఒకటి కొన్నా చాలు. బిళ్ళ పెట్టాక కంప్యూటరు ఏదైనా ప్రోగ్రాము నడపనా అని అడిగితే వద్దని చెప్పి, ఫోల్డరు తెరిచి, ఉన్నదంతా నకలు తీసుకోండి. ప్రదర్శన ఫైలు ఒక్కటే తీసుకుంటే గొంతు మళ్ళీ పోతుంది.

మూడవది, ప్రదర్శనను ఇప్పటి పవర్‌పాయింటులో తెరిచి, శబ్దం వస్తున్నదో లేదో మొదటినుంచి చివరిదాకా వినండి. రాకపోతే అదే ఫోల్డరులోని శబ్దం ఫైలును మళ్ళీ జతచెయ్యండి. సరిగా ఉన్నాక దాన్ని ఎంపీ4 వీడియోగా భద్రపరచండి. పెన్‌డ్రైవులో పెట్టి టీవీకి తగిలిస్తే ఇప్పటి టీవీలు చాలావరకు ఆడిస్తాయి. ఫైళ్ళ పేర్లకు ముందు 01, 02 అని అంకెలు వేస్తే వరుస తప్పదు.

నాలుగవది, వీడియోతో సరిపెట్టుకోకండి. ఫొటోలను, శబ్దాలను విడిగా కూడా దాచండి. పాత ప్రదర్శనను కొత్త పీపీటీఎక్స్ రకంగా భద్రపరిచి, నకలు ఒకటి తీసి, దాని పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే, మీడియా అనే ఫోల్డరులో లోపల చేరిన ఫొటోలు, శబ్దాలు అన్నీ విడివిడిగా దొరుకుతాయి. పాత తెలుగు ఫాంటులో ఉన్న మాటలను ఆ ఫాంటు ఇంకా ఉన్న కంప్యూటరు దొరికినప్పుడే బొమ్మలుగా మార్చుకోవాలి, లేదా చదివి యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసుకోవాలి.

అయిదవది, ఒక ప్రతి ఇక్కడ, ఒక ప్రతి ఇండియాలో ఉంచండి. దానితోపాటు ఒక కాగితం మీద ఫొటోలో ఎవరెవరున్నారో, ఏ ఊరో, ఏ సంవత్సరమో తెలుగులో వ్రాసిపెట్టండి. ఆ కాగితం చదవటానికి ఏ డ్రైవూ అక్కర లేదు.

ఈ ప్రాంతంలో యంత్రాలు తయారుచేసేవాళ్ళకు కొదువ లేదు, పాతవాటిని మరిచిపోయేవాళ్ళకూ కొదువ లేదు. మన సభ్యులలో ఇలాంటి పని తెలిసినవారు, వారాంతంలో ఒక పూట కేటాయించి, తెలియని పెద్దవాళ్ళ బిళ్ళలు చూసిపెడితే అది చిన్న సేవ కాదు. ఎద్దుల పేర్లు గుర్తున్నవారు మనలో ఇంకా కొందరున్నారు. వారి మాటలు రికార్డు చెయ్యని ఇళ్ళవాళ్ళు ఈ వేసవిలోనే ఆ పని మొదలుపెడితే మంచిది.