సెట్టింగ్స్‌లో కనిపించే ప్యాచ్ తేదీ నిజమేనా? అమ్మ ఫోన్ కెర్నల్ విప్పి చూశాను

మీ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి అబౌట్ ఫోన్‌లోకి వెళ్తే ‘ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్’ అని ఒక తేదీ కనిపిస్తుంది. మేం రాసే రివ్యూల్లోనూ ఆ తేదీని స్పెసిఫికేషన్ల టేబుల్‌లో పెట్టేస్తుంటాం. నిజానికి అది కంపెనీ వాళ్లు బిల్డ్ ఫైల్లో రాసిన ఒక్క లైను. ఆ అక్షరాలు మారిస్తే తేదీ మారిపోతుంది, లోపల కోడ్ మారకపోయినా సరే.

ఇది ఊరికే అనుమానం కాదు. 2018 ఏప్రిల్‌లో జర్మనీ పరిశోధకులు కార్స్టెన్ నోల్, యాకోబ్ లెల్ 1200 ఫోన్ల ఫర్మ్‌వేర్‌ను పరిశీలించి, తేదీ ముందుకు జరిగినా ప్యాచ్‌లు లేని ఫోన్లు ఉన్నాయని ఆమ్‌స్టర్‌డామ్‌లో బయటపెట్టారు. పెద్ద బ్రాండ్లూ అందులో ఉన్నాయి.

గత నెల ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ ఫోన్ చూశాను. ప్యాచ్ తేదీ 2020 మార్చి. పాలవాడి దగ్గర నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ అందులోని యూపీఐతోనే. మార్చేద్దాం అంటే, "బాగానే పనిచేస్తోంది కదరా, ఎందుకు దండగ?" అంది. కనీసం ఆ తేదీ అయినా నిజమో కాదో తేల్చుకుందామని ల్యాప్‌టాప్ తెరిచాను.

అన్ని ప్యాచ్‌లూ చూడటం నావల్ల కాదు. ఒకే ఒక్కదాన్ని ఎంచుకున్నాను, సీవీఈ-2019-2215. ఆండ్రాయిడ్‌లో యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కెర్నల్‌లో బైండర్ అనే డ్రైవర్ ఉంటుంది. బైండర్‌లో ఒక థ్రెడ్ పని ముగించుకుంటే దాని మెమొరీని కెర్నల్ ఖాళీ చేస్తుంది. కానీ ఈపోల్ అనే మరో భాగం దగ్గర ఆ మెమొరీ అడ్రస్ అలాగే ఉండిపోయేది. ఇల్లు ఖాళీ చేసిన వాళ్ల దగ్గర పాత తాళంచెవి ఉండిపోయినట్టన్నమాట. ఆ తాళంచెవితో మామూలు యాప్ కూడా కెర్నల్‌లో దూరి ఫోన్ మొత్తాన్ని చేతుల్లోకి తీసుకోవచ్చు.

దీన్ని లైనక్స్‌లో 2018 ఫిబ్రవరికే సరిచేశారు. అయినా చాలా ఫోన్లకు చేరలేదు. 2019 అక్టోబర్‌లో గూగుల్ ప్రాజెక్ట్ జీరోకు చెందిన మ్యాడీ స్టోన్ బయటపెట్టినప్పుడు, అప్పటికే దీన్ని దాడుల్లో వాడుతున్నారనే సమాచారం ఉంది. ఆ జాబితాలో పిక్సెల్ 2తో పాటు మన దగ్గర తెగ అమ్ముడైన రెడ్‌మీ 5ఏ, రెడ్‌మీ నోట్ 5 ఉన్నాయి. 2020 జనవరిలో దీన్ని వాడుకునే యాప్‌లు ఏకంగా ప్లే స్టోర్‌లోనే దొరికాయి. ఇక్కడో మెలిక ఉంది. మీ ఫోన్‌లో 2019 అక్టోబర్ 5 అని ఉంటే ఆ తేదీ ఈ ప్యాచ్‌కు హామీ ఇవ్వదు. అక్టోబర్ 6 లేదా ఆ తర్వాతైతే ఉండి తీరాలి.

అమ్మ ఫోన్ కంపెనీ సైట్‌లో ఫర్మ్‌వేర్ దొరికింది. అందులో బూట్ ఇమేజ్ అనే ఫైల్లో కెర్నల్ కంప్రెస్ అయి ఉంటుంది. విప్పితే వచ్చేది సోర్స్ కోడ్ కాదు, ప్రాసెసర్ చదివే మెషీన్ కోడ్. ప్రోగ్రామర్ రాసుకున్న కామెంట్లు, వేరియబుల్ పేర్లు ఏవీ మిగలవు. 64 బిట్ ఏఆర్ఎం చిప్‌లో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ 4 బైట్లు, అవే లక్షల్లో వరసగా ఉంటాయి. దీన్ని రన్ చేయకుండా, ఫోన్‌ను రూట్ చేయకుండా, కోడ్ చదివే తేల్చుకోవడమే స్టాటిక్ అనాలిసిస్. అదృష్టం కొద్దీ చాలా ఆండ్రాయిడ్ కెర్నళ్లలో ఫంక్షన్ పేర్ల పట్టిక కూడా దాగి ఉంటుంది. విఎంలైనక్స్-టు-ఎల్ఫ్ అనే ఉచిత టూల్ దాన్ని బయటికి తీస్తుంది. ఆ తర్వాత అమెరికా ఎన్‌ఎస్‌ఏ 2019లో ఉచితంగా విడుదల చేసిన గిద్రాలో తెరవచ్చు.

ఇప్పుడు వెతకాల్సింది ఏమిటి? ప్యాచ్ సోర్స్‌లో నాలుగైదు లైన్లే. థ్రెడ్ పోల్ వాడిందా అని చూసి, వాడితే మెమొరీ ఖాళీ చేసే ముందు ‘ఇక వదిలెయ్’ అని ఈపోల్‌కు చెప్పడం. అలా చెప్పేటప్పుడు పంపే విలువ హెక్సాడెసిమల్‌లో 4010. పేర్లు పోయినా అంకెలు పోవు. ఆ 4010 కనిపిస్తే ప్యాచ్ ఉన్నట్టు.

‘బైండర్ థ్రెడ్ రిలీజ్’ అనే ఫంక్షన్ కోసం వెతికాను. పట్టికలో ఆ పేరే లేదు! దగ్గరగా ఉన్న ‘బైండర్ ఫ్రీ థ్రెడ్’ తెరిచాను. పది పన్నెండు ఇన్‌స్ట్రక్షన్లు, మెమొరీ ఖాళీ చేయడం, అంతే. 4010 లేదు. కంపెనీ అబద్ధమాడిందని డిసైడైపోయాను. ఆర్టికల్‌కు హెడ్డింగ్ కూడా రాసేసుకున్నాను, చాలా ఘాటుగా.

రాత్రి పడుకునే ముందు ఎందుకో అనుమానం వచ్చింది. పిక్సెల్ 2కి గూగుల్ ఇచ్చిన 2019 సెప్టెంబర్, అక్టోబర్ ఫర్మ్‌వేర్‌లు రెండూ దించుకున్నాను. మొదటిదాంట్లో ప్యాచ్ ఉండదు, రెండోదాంట్లో ఉంటుంది, ఇది అందరికీ తెలిసిందే. అక్టోబర్ దాంట్లో బైండర్ ఫ్రీ థ్రెడ్ చూస్తే అక్కడా 4010 లేదు. అంటే తప్పు కంపెనీది కాదు, నాది. నేను తప్పు గదిలో వెతుకుతున్నాను.

సంగతేమిటంటే, కంపైలర్ కొన్నిసార్లు ఒక ఫంక్షన్‌ను విడిగా ఉంచకుండా, దాన్ని పిలిచే చోటే కలిపేస్తుంది. అప్పుడు పేరు మాయమవుతుంది, కోడ్ మాత్రం వేరే ఇంట్లో కాపురం ఉంటుంది. ఆ ఇల్లు పట్టుకోవడానికి ఇంకో అంకె ఉంది. థ్రెడ్ ముగించమని యాప్ బైండర్‌ను అడిగే కమాండ్ నంబర్ 40046208. ఇది కూడా నేరుగా దొరకలేదు. 32 బిట్ల సంఖ్య ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌లో పట్టదు కాబట్టి 6208, 4004 అని రెండు ముక్కలుగా ఉంది. ఆ దారి పట్టుకుని వెళ్తే పోల్ వాడిందా అని 5వ బిట్‌ను చూసే ఇన్‌స్ట్రక్షన్ కనిపించింది. దాని కింద కొద్ది దూరంలోనే 4010. అచ్చం పిక్సెల్ అక్టోబర్ ఇమేజ్‌లో ఉన్నట్టే. సెప్టెంబర్ ఇమేజ్‌లో ఆ రెండూ లేవు.

ఘాటు హెడ్డింగ్ డిలీట్ చేశాను.

ఇదే పనిని మనిషి కళ్లతో కాకుండా ప్రోగ్రామ్‌తో చేసే ఫైబర్ అనే సిస్టమ్‌ను రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2018లో తయారుచేశారు. 107 సెక్యూరిటీ ప్యాచ్‌లను 8 ఆండ్రాయిడ్ కెర్నల్ ఇమేజ్‌లలో వెతికితే సగటున 94 శాతం కచ్చితత్వం వచ్చింది. నాకు నచ్చింది ఆ 94 కాదు. లేని ప్యాచ్‌ను ఉందని అది ఒక్కసారి కూడా చెప్పలేదు. ఉన్నదాన్ని లేదనడం మాత్రం జరిగింది, నేను చేసిన పొరపాటు లాంటిదే. అందుకే ఎవరైనా ‘ఫలానా ఫోన్‌లో ప్యాచ్ లేదు’ అని స్క్రీన్‌షాట్ పెడితే, ప్యాచ్ ఉందని తెలిసిన ఫోన్ మీద అదే పరీక్ష చేశారా అని ముందు అడగండి.

కాబట్టి ఈ ఒక్క ప్యాచ్ వరకూ అమ్మ ఫోన్ తేదీ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ తేదీ 2020 మార్చి దగ్గరే ఆగిపోయింది. 2021 నవంబర్‌లో ఇదే ఈపోల్‌లో సీవీఈ-2021-1048 అనే మరో లోపాన్ని గూగుల్ సరిచేసింది, దాన్నీ దాడుల్లో వాడారు. అది అమ్మ ఫోన్‌లో సరైందో లేదో చూడటానికి గిద్రా అక్కర్లేదు. అప్‌డేటే రాలేదు కదా.

ఇదంతా అమ్మకు చెప్పబోతే సగంలోనే ఆపేసి, "సరే, కొత్తది కొను, కానీ నంబర్లన్నీ నువ్వే ఎక్కించాలి" అంది. ఎక్కించాను. పాత ఫోన్‌లో యూపీఐ, బ్యాంకు యాప్‌లు తీసేసి, సిమ్ తీసి, రీసెట్ కొట్టి, వైఫై ఆపేశాను. ఇప్పుడది వంటింట్లో మెమొరీ కార్డులోని ఘంటసాల పాటలు పాడుతోంది.