వెనుక చక్రాల విద్య

తార్నాక కూడలిలో ఆర్టీసీ బస్సు ఎక్కి, కూర్చొనుటకు చోటు దొరకక కమ్మీ పట్టుకొని నిలబడిన విద్యార్థికి భౌతికశాస్త్ర పాఠం ఒకటి టిక్కెట్టు ఖరీదుకే లభిస్తుంది. బస్సు కదలగానే అతని దేహం వెనుకకు ఒరుగుతుంది. డ్రైవరు బ్రేకు వేయగానే ముందుకు తూలుతుంది. మలుపు తిరిగినప్పుడు పక్కకు వాలుతుంది. మనిషి ఒరిగినట్లే బండి బరువు కూడా చక్రాల మీద ఈ మూడు విధాలుగా అటు ఇటు మారుతూ ఉంటుంది. పందెపు కార్లను సిద్ధం చేసేవారి విద్యలో అధికభాగం ఈ మార్పును అదుపులో పెట్టడమే. ఇంజను బలాన్ని నేలకు అందించేవి వెనుక చక్రాలైన కారులో, ఆ చక్రాల అమరికే ఈ విద్యకు ఆయువుపట్టు.

కారు పందెములలో ముఖ్యంగా చెప్పదగినవి రెండు. మొదటిది డ్రాగ్ పందెం. నిలిచి ఉన్న కారు బయలుదేరి, తిన్నని దారిలో పావుమైలు, అనగా సుమారు 402 మీటర్లు, ఎంత త్వరగా దాటగలదో చూడడమే అందులోని పరీక్ష. అమెరికాలో కాలిఫోర్నియా ప్రాంతపు ఎండిన సరస్సుల మీదా, విమానాల రన్‌వేల మీదా పెరిగిన ఈ క్రీడకు 1951లో అక్కడ జాతీయ సంఘం ఏర్పడినది. రెండవది మలుపుల దారిలో సాగే పందెం. మద్రాసు సమీపాన షోలవరంలో, యుద్ధకాలపు విమానాల దారి మీద ఒకప్పుడు జరిగిన పందెములు ఈ కోవలోనివే. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సుమారు 2.8 కిలోమీటర్ల దారిలో జరిగిన విద్యుత్తు కార్ల ఫార్ములా-ఇ పందెమూ ఇటువంటిదే. ఫ్రాన్సు దేశీయుడైన జీన్ ఎరిక్ వెర్న్ అందులో విజేత. అయితే ఒక పందెంలో గెలిచే కారు రెండవ పందెంలోనూ గెలువలేదా? ఈ ప్రశ్నకు సమాధానం వెనుక ఇరుసు దగ్గర ఉన్నది.

తరగతిలో నల్లబల్ల మీద ఒక చిన్న లెక్క వేయవచ్చును. కారు బరువు 1000 కిలోలు. ముందు చక్రాల మీద 500, వెనుక చక్రాల మీద 500. ఇరుసుల నడుమ దూరం రెండున్నర మీటర్లు. గరిమనాభి నేలకు అరమీటరు ఎత్తున ఉన్నది. కారు భూమ్యాకర్షణ త్వరణంలో సగం త్వరణంతో ముందుకు దూకినదనుకొందాము. వేయిలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో గుణించి, ఇరుసుల దూరంతో భాగిస్తే 100 వస్తుంది. అనగా ముందు చక్రాల మీది బరువులో 100 కిలోలు వెనుకకు చేరి, వెనుక 600, ముందు 400 అవుతాయి. స్ప్రింగులను మార్చినంత మాత్రాన ఈ నూరు కిలోలు చెప్పుకోదగినంతగా పెరగవు, తరగవు. ఆ బరువు ఎంత త్వరగా, ఏ మార్గాన టైరును చేరవలెనో నిర్ణయించడం మాత్రమే అమర్చేవాని చేతిలో ఉన్నది.

పాత అంబాసిడరు కారు వెనుక భాగాన్ని వంగి చూచినవారికి దీని మర్మం కొంత తెలుస్తుంది. రెండు వెనుక చక్రాలను కలుపుతూ గట్టి ఇరుసు, దానిని మోస్తూ ఇరువైపులా ఉక్కుపట్టీల కట్టలు ఉంటాయి. మన మెకానిక్కులు ఆ కట్టలను కమానులు అంటారు. కమాను అనగా పారసీకంలో విల్లు. 1918లో ఉర్దూ బోధనాభాషగా స్థాపితమై, 1929లో ఇంజనీరింగు కళాశాలను తెరచిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్న నగరంలో, వర్కుషాపు మాటకు ఇంతటి వంశచరిత్ర ఉండడం వింత కాదు. ఆ మాట ఎంతో సార్థకమైనది కూడా. కమాను బరువును మోయడమే గాక, ఇరుసును దాని స్థానంలో నిలుపుతుంది. రెండు పనులు ఒక్కదానికే అప్పగించిన చోటనే చిక్కు మొదలవుతుంది.

డ్రాగ్ పందెంలో డ్రైవరు ఇంజను బలాన్నంతా ఒక్కసారిగా వదులుతాడు. చక్రాలు ముందుకు తిరగబోగా, ఇరుసు గొట్టం అందుకు ప్రతిగా వెనుకకు తిరగజూస్తుంది. కమాను మెలిపడుతుంది. టైరు జారగానే ఆ మెలిక విల్లు వదిలినట్లు విడిపోతుంది. టైరు మరల పట్టగానే తిరిగి మెలిపడుతుంది. చక్రం నేలమీద గంతులు వేయడానికి కారణం ఇదే. దీనిని ఆపుటకు ఇరుసుకూ చట్రానికీ నడుమ గట్టి కడ్డీలు బిగిస్తారు. మరొక చిక్కు కూడా కలదు. ఇంజను నుండి వెనుకకు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు తిరుగుడు, సాధారణంగా ఎడమ చక్రాన్ని నేలకు అదిమి, కుడి చక్రాన్ని తేలిక చేస్తుంది. కనుక డ్రాగ్ కారుకు కుడివైపు స్ప్రింగులో గాలిసంచి పెట్టియో, కడ్డీలను సవరించియో ముందుగానే అదనపు ఒత్తిడి ఇస్తారు. ముందు భాగం సులువుగా పైకి లేచేటట్లు అక్కడి షాక్ అబ్సార్బర్లను వదులుగా ఉంచుతారు. తిన్నని దారిలో ఇవన్నీ సద్గుణములే.

అదే కారును మలుపుల దారికి తీసికొనిపోతే ఆ సద్గుణములే దోషములవుతాయి. మలుపులో బరువు లోపలి చక్రం నుండి వెలుపలి చక్రానికి పోతుంది. టైరు స్వభావం ఒకటి ఇక్కడ గుర్తుంచుకొనవలెను. దానిపై బరువు రెట్టింపైతే పట్టు పెరుగుతుంది గాని రెట్టింపు కాదు. కాబట్టి రెండు చక్రాలు భారాన్ని సమానంగా పంచుకొన్నప్పుడే వాటి ఉమ్మడి పట్టు అధికం. వెనుక భాగం పక్కకు ఒరగకుండా మితిమీరి బిగిస్తే, అక్కడ భారం వెలుపలి చక్రం మీదనే పడి, తోక ముందుగా జారి కారు గిరగిర తిరుగుతుంది. మితిమీరి వదిలితే ముక్కు మలుపు వీడి వెలుపలికి పోతుంది. వెనుక యాంటీరోల్ బార్‌ను కొద్దికొద్దిగా మార్చి ఈ రెండింటి నడుమ సమత్వం వెదకుతారు. ఇక కుడివైపు అదనపు ఒత్తిడి ఉన్న కారు ఎడమ మలుపులో ఒక విధంగా, కుడి మలుపులో మరొక విధంగా నడుస్తుంది. వదులుగా ఉన్న ముందు భాగం మలుపు దాటి వేగం పెంచినప్పుడెల్లా పైకి లేచి, స్టీరింగు మాట వినదు. దూకుడు కోసం మితిమీరి వాలుగా బిగించిన కడ్డీల వలన, బ్రేకు పట్టినప్పుడు వెనుక చక్రాలు గంతులు వేస్తాయి.

మలుపుల కారుకు ఇరుసు ఎడమకుడి పక్కలకు జరగకుండా పైకీ క్రిందికీ మాత్రమే కదలవలెను. అందుకు కొన్ని కార్లలో వాడే సంధికడ్డీల అమరిక, ఆవిరి యంత్రం కోసం జేమ్స్ వాట్ 1784లో పేటెంటు పొందిన ఉపాయం నుండి వచ్చినది. పాఠ్యపుస్తకంలో ఆవిరి యంత్రంతో ముగిసినదనుకొన్న అధ్యాయం ఇక్కడ పందెపు కారు క్రింద సజీవంగా ఉన్నది.

ఈ రెండు పరీక్షలనూ ఒకే కారుతో ఎదుర్కొనవలసిన వారు ఇంజనీరింగు విద్యార్థులు. 1981లో అమెరికాలో మొదలైన ఫార్ములా ఎస్.ఏ.ఇ. పోటీలో విద్యార్థులు తాము కట్టిన చిన్న పందెపు కారును 75 మీటర్ల తిన్నని పరుగులోనూ, సుమారు 22 కిలోమీటర్ల మలుపుల పరుగులోనూ నడపవలెను. మొదటిదానికి 100 మార్కులు, రెండవదానికి 275. మన దేశంలో 2011 నుండి ఇటువంటిదే సుప్రా పోటీ జరుగుతున్నది. తిన్నని పరుగుకే కారును అంకితం చేసిన జట్టు పెద్ద మార్కులను పోగొట్టుకొంటుంది. కాబట్టి వారు టైరులో గాలి కొలిచి, ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, నడిపి చూచి, ఫలితాన్ని పుస్తకంలో వ్రాసుకొంటారు. రెండు మార్పులు ఒక్కసారిగా చేసినవానికి ఏది మేలు చేసినదో తెలియదు.

ఇక మూడవ దారి ఒకటి ఉన్నది. అది విశ్వవిద్యాలయ ప్రాంగణం నుండి తార్నాక మీదుగా పోయే జనుల దారి. ఇక్కడ వేగనిరోధకాలు ఉన్నవి, బస్సు దిగి రోడ్డు దాటే విద్యార్థినులు ఉన్నారు, ఆర్టీసీ ఆసుపత్రికి పోయే రోగులు ఉన్నారు. ఈ దారి కోరేది దూకుడు కాదు, ఆగగలగడం. ఎండిన రోడ్డు మీద మంచి టైర్లున్న కారు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన తరువాత ఆగుటకు సుమారు 20 మీటర్లు కావలెననుకొంటే, 120 కిలోమీటర్ల వేగంలో 80 మీటర్లు కావలెను. వేగం రెండింతలు, దూరం నాలుగింతలు. పైగా బ్రేకు పట్టినప్పుడు బరువు ముందుకు పోతుంది. బయలుదేరడానికి మాత్రమే అమర్చిన కారు ఆగవలసిన క్షణంలో వెనుక పట్టు కోల్పోతుంది. ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన అనుమతి లేక బహిరంగ స్థలాలలో పందెం నడపడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను క్రింద నేరం. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకే మూడు నెలల వరకు ఖైదు గాని, ఐదువేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును.

వేగం మీది మక్కువ యువకులకు సహజం. దానిని నిందించి ప్రయోజనం లేదు. అటువంటి విద్యార్థి కనబడినప్పుడు ఉపాధ్యాయుడు పై లెక్కను అతని చేతనే చేయించి, అతడు నడిపే బండి బరువు, ఇరుసుల దూరం కనుగొని రమ్మని పంపవచ్చును. కాలేజీ వర్కుషాపులో కమాను విప్పి బిగించడం నేర్చుకొన్నవానికి, తన బండి ఏ దారికి సిద్ధమైనదో, ఏ దారికి కాలేదో ఎవరూ చెప్పనక్కరలేదు.