మొరాయించిన ఇంజను

పిల్లలూ, బండికి కట్టిన ఎద్దు మొరాయించటం మీలో కొందరైనా చూసి ఉంటారు. ఎంత అదిలించినా అది అడుగు ముందుకు వెయ్యదు. తెలిసిన రైతు దాన్ని కొట్టడు. కాడి కింద మెడ ఒరుసుకుపోయిందేమో చూస్తాడు. తరవాత గిట్టలో ముల్లు దిగిందేమో చూస్తాడు. యంత్రం సంగతి కూడా ఇంతే. అది ఊరికే మొరాయించదు. ఏదో ఒక కారణం ఉండితీరుతుంది. ఆ కారణాన్ని వెతికి పట్టుకోవటం ఎట్లాగో ఈ నెల చెప్పుకుందాం.

ఇందుకు ఉదాహరణగా ఒక బండిని తీసుకుందాం. అమెరికా వంటి దేశాలలో ఇసకతిన్నెల మీదా, అడవిదారుల్లోనూ, పెద్దపెద్ద పొలాల్లోనూ తిరగటానికి లావుపాటి చక్రాలుగల చిన్న బండిని వాడతారు. దాన్ని ఎ.టి.వి. అంటారు. ఎటువంటి నేలమీదనైనా పోయే బండి అని దాని అర్థం. దానికి చక్రాలు నాలుగున్నా, మోటారుసైకిలు మీద కూచున్నట్టే చెరొకపక్కకు కాలు వేసి కూచోవాలి. జపాను దేశపు యమహా కంపెనీ 1988 మొదలు 2006 వరకు బ్లాస్టర్ అనే పేరుతో ఇటువంటి బండి తయారుచేసింది. దానిది 195 సి.సి. టూస్ట్రోక్ ఇంజను. కాలితో కిక్కు కొట్టి దాన్ని నడిపించాలి. ఆ బళ్లు ఇప్పుడు పాతబడ్డాయి గనక తరుచు మొరాయిస్తాయి.

టూస్ట్రోక్ ఇంజను మనకు కొత్తదేమీ కాదు. ఒకప్పుడు మన వీధుల్లో నీలిపొగ వదులుతూ తిరిగిన స్కూటర్లలో ఉన్నది ఆ ఇంజనే. పొద్దున్నే స్కూటరును పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి కిక్కు కొట్టటం మీ నాన్నగారికో, తాతగారికో బాగా గుర్తుంటుంది. అట్లా వంచటం ఏదో మంత్రం కాదు. వంచినప్పుడు కార్బురేటరు నుంచి మరికాస్త పెట్రోలు లోపలికి పోతుంది. చల్లబడిన ఇంజనుకు కావలసింది అదే.

ఈ ఇంజను ఎట్లా పనిచేస్తుందో ముందు తెలుసుకోవాలి. ఒక లోహపు గొట్టంలో పిస్టన్ అనే బిరడా పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. సైకిలుపంపులో లోపలి తోలుబిళ్ల ఆడినట్టే ననుకోండి. పిస్టన్ పైకి పోయేటప్పుడు పైనున్న గాలినీ పెట్రోలు ఆవిరినీ గట్టిగా నొక్కుతుంది. అదే సమయాన దాని కింద ఉన్న గదిలోకి కొత్త గాలీ, పెట్రోలూ వచ్చి చేరతాయి. పైన స్పార్క్ ప్లగ్గు నుంచి నిప్పురవ్వ పడగానే ఆ ఆవిరి భగ్గున మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. అది దిగుతూ గొట్టం పక్కనున్న కిటికీలు తెరుస్తుంది. ఒక కిటికీ గుండా పొగ బయటికి పోతుంది. మరొక కిటికీ గుండా కింది గదిలోని కొత్త ఆవిరి పైకి వస్తుంది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి—రెండే ఊపులలో పని పూర్తి అవుతుంది. టూస్ట్రోక్ అన్న పేరు అందుకే వచ్చింది.

స్కాట్లండుకు చెందిన డూగల్డ్ క్లర్క్ 1881లో ఈ రకం ఇంజనుకు పేటెంటు పొందాడు. పిస్టన్ కింది గదినే పంపుగా వాడుకునే తేలిక పద్ధతికి ఇంగ్లండులో జోసెఫ్ డే 1891లో పేటెంటు తీసుకున్నాడు.

ఇంజను నడవాలంటే నాలుగు కావాలి. పెట్రోలు కలిసిన గాలి ఒకటి, దాన్ని నొక్కే ఒత్తిడి రెండు, నిప్పురవ్వ మూడు. ఆ రవ్వ సరి అయిన క్షణంలో పడటం నాలుగు. ఇంజను మొరాయించిందంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి లోపించిందన్నమాట. అది ఏదో తేల్చుకోకుండా కిక్కు మీద కిక్కు కొడితే కాలు నొప్పి తప్ప ఫలితం ఉండదు.

మంచి మెకానిక్కు మొదట పనిముట్లు ముట్టుకోడు. ప్రశ్నలు వేస్తాడు. “బండి ఎప్పుడు ఆగింది? ఆగేముందు ఏం చేశారు? ఎన్నాళ్లు మూల పడేశారు?” అంటాడు. తరవాత అతి సులువైనవి చూస్తాడు. టాంకీలో పెట్రోలు ఉన్నదా? పెట్రోలు కుళాయి తిప్పి ఉన్నదా? హాండిల్ మీద ఇంజనును ఆపే స్విచ్చి “ఆపు” వైపునే ఉండిపోయిందా? చల్లని ఇంజనుకు చోక్ లాగారా? ఇవన్నీ అడిగితే నవ్వు వస్తుంది. కాని ఇంజను మొత్తం ఊడదీసిన తరవాత కుళాయి కట్టేసి ఉన్నదని తెలిస్తే ఇంకా ఎక్కువ నవ్వు వస్తుంది!

ఇప్పుడు స్పార్క్ ప్లగ్గు విప్పాలి. వైద్యుడికి రోగి నాలుక ఎటువంటిదో మెకానిక్కుకు ప్లగ్గు అటువంటిది. కిక్కులు కొట్టిన తరవాత కూడా ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి రావటం లేదు. ప్లగ్గు తడిసి ఉంటే పెట్రోలు వస్తున్నది గాని మండటం లేదు. చూశారా? ఒక్క చూపుతో సగం అనుమానాలు తీరిపోయినాయి.

ప్లగ్గు పొడిగా ఉన్నదనుకుందాం. పెట్రోలు వచ్చే దారి వెంట నడవాలి. మొదట టాంకీ మూత. ఆ మూతకు గాలి పోయే సన్నని బెజ్జం ఉంటుంది. నూనెడబ్బాకు ఒకే చిల్లి పెడితే నూనె సరిగా కారదు, గాలి పోవటానికి రెండో చిల్లి కూడా పెడతాం. ఇదీ అంతే. మూతబెజ్జం దుమ్ముతో పూడితే కాసేపటికి పెట్రోలు దిగటం మానేస్తుంది. తరవాత కుళాయి, జల్లెడ, చివరకు కార్బురేటరు. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం ఎగిరిపోయి, మిగిలినది జిగురుగా మారుతుంది. కార్బురేటరులో జెట్ అనే ఇత్తడి ముక్క ఉంటుంది. దాని బెజ్జం సూదిమొనంత సన్నం. జిగురు అక్కడ పట్టిందంటే ఇంజను నోరు కుట్టేసినట్టే. పాతబళ్లకు ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే.

ప్లగ్గు తడిగా ఉంటే రవ్వ సంగతి చూడాలి. ఒక మంచి ప్లగ్గును తీగె టోపీకి తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజను లోహానికి ఆనించి, కిక్కు కొడతారు. నీలంగా, చిటపటమంటూ రవ్వ పడితే మంచిదే. రవ్వ పడకపోతే టోపీనీ, ఆపే స్విచ్చి తీగెనూ, ఆ తరవాత కాయిలునూ వరసగా పరీక్షిస్తారు. రవ్వ బాగానే పడి ప్లగ్గు తడిగా ఉంటే, పెట్రోలు మరీ ఎక్కువై ఇంజను మునిగిపోయిందన్నమాట. పెట్రోలు కట్టేసి, స్విచ్చి ఆపి, ప్లగ్గు లేకుండా నాలుగైదు కిక్కులు కొడితే ఎక్కువైన పెట్రోలు పోతుంది.

ఈ పరీక్షలు మీరు చెయ్యరాదు సుమా! ఆ తీగెలో వేలకొద్దీ వోల్టుల కరెంటు ఉంటుంది. పక్కన పెట్రోలు ఆవిరి కంటికి కనిపించకుండా ఉంటుంది. తెలిసిన పెద్దవాళ్లు ఆరుబయట, ప్లగ్గు బెజ్జానికి దూరంగా చెయ్యవలసిన పని ఇది. మూసిన గదిలో ఇంజను నడపటం అంతకన్న ప్రమాదం. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. మీరు దూరంగా నిలబడి చూసి నేర్చుకోండి.

పెట్రోలూ, రవ్వా రెండూ బాగుంటే ఒత్తిడి కొలవాలి. ప్లగ్గు బెజ్జంలో మీటరు బిగించి, ఆక్సిలేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు ఇక కదలనంతవరకు కిక్కు కొడతారు. ఇటువంటి ఇంజనులో చదరపు అంగుళానికి 120 పౌన్లకు మించి చూపితే సాధారణంగా ఫరవాలేదు. 90కి దిగిపోతే పిస్టన్ రింగులు అరిగినట్టే. టూస్ట్రోకుకు మరొక చిక్కు ఉన్నది. పిస్టన్ కింది గది కూడా పంపే గదా! ఆ గది ఇరుసు దగ్గరి రబ్బరు సీళ్లు ఎండి పగిలితే ఊరిగాలి లోపలికి దూరుతుంది. అప్పుడు కార్బురేటరు ఎంత బాగున్నా ఆవిరి పలచబడి అంటుకోదు.

పెట్రోలు ఉన్నది, రవ్వ ఉన్నది, ఒత్తిడి ఉన్నది. అయినా ఇంజను కదలదనుకోండి. అప్పుడేమిటి? నాలుగోది గుర్తు తెచ్చుకోండి. రవ్వ పుట్టించే అయస్కాంతాలు ఫ్లైవీలు అనే బరువైన చక్రంలో ఉంటాయి. ఆ చక్రాన్ని ఇరుసు మీద సరి అయిన చోట నిలిపేది అర్ధచంద్రాకారపు ఇనపముక్క ఒకటి. అది తెగి చక్రం కాస్త పక్కకు జరిగితే రవ్వ వేళ తప్పి పడుతుంది. పాటా బాగుండి, మద్దెలా బాగుండి, తాళం తప్పితే కచేరీ ఏమవుతుంది? ఇదీ అంతే.

ఈ వెతుకులాటలో ఒక్క నియమం మరవరాదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ప్లగ్గూ, కాయిలూ, కార్బురేటరూ ఒకేసారి కొత్తవి వేస్తే ఇంజను నడవవచ్చు గాని, తప్పు ఎక్కడ ఉన్నదో తెలియదు. డబ్బూ వృథా, జ్ఞానమూ సున్న. నడిచిన తరవాత ఇంకో జాగ్రత్త కూడా ఉన్నది. ఈ ఇంజను లోపలి భాగాలకు పెట్రోలుతోపాటు వచ్చే నూనే ఆధారం. నూనె అందకపోతే పిస్టన్ వేడెక్కి గొట్టానికి కరుచుకుపోతుంది.

పొగ ఎక్కువ గనక మన రోడ్లమీద టూస్ట్రోక్ బళ్లు అరుదైపోయినాయి. కాని పొలాల్లో గడ్డి కోసే చేతిమిషన్లలోనూ, చెట్లు కోసే రంపాలలోనూ చాలావాటికి ఇప్పటికీ ఈ ఇంజనే ఉంటుంది. ఒక పూట అది మొరాయిస్తే రైతుకు ఆ పూట కూలీ, పనీ రెండూ పోతాయి. మీ ఇంట్లో ఎవరైనా అటువంటి మిషను తాడు లాగిలాగి అలిసిపోతుంటే, “ప్లగ్గు తడిగా ఉన్నదా, పొడిగా ఉన్నదా?” అని అడిగి చూడండి. సరి అయిన ప్రశ్న ఒకటి వేస్తే సగం మరమ్మత్తు అయినట్టే. లెక్క తేలకపోయినా, సైకిలు దీపం వెలగకపోయినా, ఇదే పద్ధతి మీకు పనికివస్తుంది.