‘జనరేటర్ వేసుంటే’ అన్న మాట కుర్రాడికి ఎందుకు ఎక్కదు?

కోనసీమలోని ఐ.పోలవరం మండలం నుంచి వచ్చిన ఒక ఉత్తరం ఈ నెల నన్ను ఇంకో అంశం జోలికి పోనివ్వలేదు. రాసినాయనకు రెండు వనామీ రొయ్యల చెరువులున్నాయి. రాత్రి కాపలాకు ఇంటర్ చదివే కొడుకును పెట్టారు. అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. కుర్రాడు ఫోన్లో స్నేహితులతో ఆటలో ఉన్నాడు. ‘వచ్చేస్తుందిలే’ అనుకుని జనరేటర్ వెయ్యలేదు. తెల్లారేసరికి రొయ్యలు గట్టు పక్కన తేలుతున్నాయి. పంటలో సగానికి పైగా పోయింది. “తిట్టాను, చెయ్యి కూడా చేసుకున్నాను. పోయిన డబ్బు వాడి చేతే కట్టిస్తే బాధ్యత తెలుస్తుందా?” అని ఆయన ప్రశ్న.

చెరువు సంగతి రెండు ముక్కల్లో. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది కానీ రొయ్యలూ, నాచూ, అడుగు బురదలోని బాక్టీరియా అన్నీ ఊపిరి తీస్తూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూడాలని రైతులందరికీ తెలుసు. కరెంటు పోయి, నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగితే ఆ గీత దిగిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

మరి ఇది కుర్రాడికి తెలియదా? తెలుసు. ఈ వయసువాళ్ళు తమకేమీ కాదనుకుంటారనీ, అందుకే తెగిస్తారనీ 1967లో డేవిడ్ ఎల్కిండ్ అనే మనస్తత్వవేత్త ఒక సిద్ధాంతం చెప్పాడు. అది దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో నిలబడింది. తర్వాత కొలిచి చూస్తే కథ తిరగబడింది. వలెరీ రేనా, ఫ్రాంక్ ఫార్లీ 2006లో ఈ అంశంపై జరిగిన పరిశోధనల్ని సమీక్షించారు. చాలా ప్రమాదాలను టీనేజర్లు తక్కువగా కాదు, ఉన్నదానికంటే ఎక్కువగానే అంచనా వేస్తారని తేలింది. కాబట్టి ప్రమాదం గురించి ఇంకో ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు. ‘మెదడు 25 ఏళ్ళకు పూర్తవుతుంది’ అన్న మాట కూడా పక్కన పెట్టండి. ఆ పుట్టినరోజు నాడు మెదడులో ఏదో గడియ పడుతుందని ఏ పరిశోధనా చూపలేదు.

అసలు విషయం డోపమిన్‌లో ఉంది. దీన్ని ‘ఆనంద రసాయనం’ అని మన పత్రికలు ఇప్పటికీ రాస్తున్నాయి. అది చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే నిజం అంతకంటే ఎంతో అందమైనది. స్విట్జర్లాండులో వోల్ఫ్‌రామ్ షుల్జ్ కోతులకు పళ్ళరసం చుక్కలిస్తూ వాటి మెదడులో డోపమిన్ కణాల సంకేతాలు నమోదు చేశాడు. అనుకోకుండా రసం దొరికితే ఆ కణాలు ఎగిసిపడ్డాయి. రసానికి ముందు ఒక దీపం వెలుగుతుందని కోతికి అలవాటయ్యాక, అవి దీపానికే ఎగిశాయి. రసం వచ్చినప్పుడు మామూలుగానే ఉన్నాయి. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన క్షణానికి సరిగ్గా మూగబోయాయి! కోతి తాగుతున్నది అదే రసం, మారింది దాని అంచనా మాత్రమే. ఈ కణాలు కొలిచేది ఆనందాన్ని కాదు. అనుకున్నదానికీ జరిగినదానికీ ఉన్న తేడాను. 1997లో షుల్జ్, పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్ ఈ తేడానే నేర్చుకోవడానికి మూలమని రాశారు. తేడా పైకి ఉంటే అంతకు ముందు చేసిన పని బలపడుతుంది, కిందికి ఉంటే బలహీనపడుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. డోపమిన్ కణం ఊరికే ఉన్నప్పుడు సెకనుకు కొద్దిసార్లే పలుకుతుంది. సంతోషకరమైన ఆశ్చర్యానికి అది ఎన్నో రెట్లు పెరగగలదు. నిరాశకు సున్నా దాకా మాత్రమే దిగగలదు. పైగా 2010లో జెస్సికా కోహెన్ బృందం పిల్లల్నీ, 14 నుంచి 19 ఏళ్ళవాళ్ళనీ, పెద్దల్నీ పోల్చి చూసింది. అనుకోని బహుమతికి మెదడు లోతుల్లో ఈ సంకేతాలు అందుకునే స్ట్రయేటమ్ అందరికంటే గట్టిగా స్పందించింది ఆ టీనేజర్లలోనే.

ఇప్పుడు మళ్ళీ చెరువు గట్టుకు రండి. కోనసీమలో కరెంటు పోవడం అదే మొదటిసారి కాదు. అంతకు ముందు ఎన్నో రాత్రులు పోయి ఉంటుంది, కాసేపటికే వచ్చి ఉంటుంది. లేవకుండా ఉన్న ప్రతిసారీ ఆట ఆగలేదు, రొయ్యా చావలేదు. ‘లేవకపోయినా ఫర్వాలేదు’ అన్న పాఠాన్ని చెరువే వాడికి బహుమతులిచ్చి నేర్పింది. ఆ రాత్రుల్ని తండ్రి చూడలేదు. ఆయన చూసింది చివరి రాత్రి ఒక్కటే. పక్కన, ఫోన్లోనైనా సరే, స్నేహితులుంటే ఆ బహుమతి ఇంకా పెద్దదిగా తోచవచ్చు.

ఇక ఇంట్లో వంద సార్లు వినపడే మాట: “ఆ జనరేటర్ వేసుంటే ఇంత పోయేదా?” స్టెఫానో పాల్మింటేరీ, సారా-జేన్ బ్లేక్‌మోర్ బృందం 2016లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా దీన్నే పరీక్షించినట్టుంటుంది. 12 నుంచి 17 ఏళ్ళ పిల్లలకూ పెద్దలకూ తెరమీద రెండేసి గుర్తులు చూపి ఒకటి ఎంచుకోమన్నారు. కొన్ని గుర్తులకు పాయింట్లు వస్తాయి, కొన్నిటికి పోతాయి. కొన్నిసార్లు, ఎంచుకోని గుర్తుకు ఏం వచ్చేదో కూడా చూపించారు. గెలుపు నుంచి నేర్చుకోవడంలో పిల్లలు పెద్దలతో సమానం. నష్టం తప్పించుకోవడం నేర్చుకోవడంలో వెనకబడ్డారు. ‘అది ఎంచుకునుంటే’ అన్న సమాచారాన్ని పెద్దలు వాడుకున్నారు, పిల్లలు దాదాపుగా వాడుకోలేదు. పాయింట్ల ఆట వేరు, లక్షల పంట వేరు, నిజమే. అయినా మనం బాధ్యత నేర్పడానికి వాడే ఆయుధాలు రెండూ, శిక్షా, ‘వేసుంటే’ అన్న మాటా, ఆ వయసు మెదడు అతి తక్కువగా పట్టించుకునేవే కావడం నన్ను కుదిపేసింది.

డబ్బు కట్టించడం గురించి: ఇజ్రాయెల్‌లోని హైఫాలో శిశుసంరక్షణ కేంద్రాలకు తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వస్తుంటే జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు, పెరిగాయి. జరిమానా ఎత్తేశాకా తగ్గలేదు. డబ్బిచ్చాం కదా అన్న భావం సిగ్గును మింగేసింది. 2000లో యూరి నీజీ, ఆల్డో రుస్టికీనీ దీన్ని ప్రచురించారు. పెద్దవాళ్ళకే అలా అయితే, తీర్చలేని లక్షల అప్పు నెత్తిన పెట్టిన పదహారేళ్ళవాడు ఏం నేర్చుకుంటాడు? వచ్చేసారి ఏరేటర్ ఆగితే ఆ మాట దాచడం నేర్చుకుంటాడు. చెరువుకు అంతకంటే చెరుపు లేదు.

చెయ్యవలసింది పెద్దగా లేదు. మళ్ళీ కాపలా వాడికే ఇవ్వండి, నీటిలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు చేతికిచ్చి రాత్రి రెండు గంటలకు, నాలుగు గంటలకు కొలత రాయమనండి. కరెంటు పోయి, వాడు లేచి జనరేటర్ వేసిన రాత్రి, పొద్దున్నే ఆ కొలత చూసి మెచ్చుకోండి. మెప్పు అప్పటికప్పుడే అందాలి, రొయ్యల పట్టుబడి దాకా ఆగకూడదు. పట్టుబడి రోజు కాటా దగ్గర వాణ్ణే నిలబెట్టి, మేత బాకీలతో సహా లెక్క చెప్పి, వాడి వాటా వాడికివ్వండి.

ఇంకొక్క మాట, కోపంగానే. కరెంటు పోతే మోగే అలారం మేత ఖర్చు ముందు ఎంత? ఇంటి అప్పులన్నీ ఆధారపడ్డ చెరువుకు రక్షణగా ఒక్క కుర్రాణ్ణి నిలబెట్టింది పెద్దవాళ్ళే. ఆ అలారం ఈ వారమే పెట్టించండి.