కావేరి గట్టున ఇసుక మూసిన రాజధాని

మైసూరు నుంచి తలకాడు వెళ్లే 45 కిలోమీటర్ల దారి పొడవునా పచ్చదనమే. వరి మడులు, చెరకు తోటలు, నిండుగా పారే కాలువలు. ఎక్కడా ఎడారి ఛాయలు లేవు. తీరా తలకాడు చేరి, వైద్యేశ్వరుడి గుడి దగ్గర చెప్పులు విడిచి కాస్త ముందుకు నడిస్తే పాదం చీలమండ దాకా ఇసుకలో దిగబడుతుంది. చెట్ల మధ్య నుంచి దిబ్బ వెనుక దిబ్బ. ఈ దిబ్బల అడుగున ఒక రాజధాని ఉంది.

పశ్చిమ గంగులు కోలారు విడిచి వచ్చి శతాబ్దాల పాటు ఇక్కడి నుంచే రాజ్యమేలారు. క్రీ.శ. 1004 ప్రాంతంలో చోళులు దీన్ని గెలిచి రాజరాజపురం అని పేరు మార్చారు. వందేళ్లు దాటాక హోయసల విష్ణువర్ధనుడు చోళులను తరిమి, ‘తలకాడుగొండ’ అనే బిరుదు పెట్టుకుని, ఆ గెలుపు గుర్తుగా కీర్తినారాయణుడికి గుడి కట్టించాడు. తర్వాత విజయనగరం, ఆ తర్వాత మైసూరు ఒడెయర్లు. ఇన్ని వంశాలు కోరి ఏలిన ఊరిని చివరికి ఇసుక పట్టుకుంది. ముప్పైకి పైగా గుళ్లు దాని కింద ఉన్నాయని స్థానికులు చెబుతారు.

ఇక్కడ గుడికి మెట్లెక్కి వెళ్లం, దిగి వెళతాం. పాతాళేశ్వరుడి దగ్గర ఇసుకను తవ్వి పక్కకు నెట్టి, చుట్టూ గోడ కట్టి నిలిపారు. ఆ గోతిలోకి ఒక్కో మెట్టూ దిగుతుంటే పైన వీస్తున్న గాలి మెల్లగా చెవుల నుంచి తప్పుకుంటుంది. ఎండ వేడి తగ్గుతుంది. అడుగున చిన్న గుడి, చల్లటి రాయి, ఒక దీపం. శివలింగం పొద్దున ఎర్రగా, మధ్యాహ్నం నల్లగా, సాయంత్రం తెల్లగా కనిపిస్తుందని పూజారులు చెబుతారు. తల ఎత్తి చూస్తే గోడ అంచు మీద చెట్ల వేళ్లు, వాటి పైన చిన్న ఆకాశం ముక్క. ఒకప్పుడు జనం నడిచిన నేల ఇదే కదా అనిపించి, పాదం మోపడానికి కూడా కాసేపు సంకోచించాను.

ఇసుక ఎలా వచ్చిందని అడిగితే ఊళ్లో ఎవరైనా అలమేలమ్మ కథే చెబుతారు. శ్రీరంగపట్నంలో విజయనగర ప్రతినిధిగా ఉన్న తిరుమలరాయడి భార్య ఆమె. 1610 ప్రాంతంలో మైసూరు రాజా ఒడెయరు శ్రీరంగపట్నాన్ని చేజిక్కించుకున్నాడు. రంగనాయకి అమ్మవారికి అలంకరించే నగలు అలమేలమ్మ దగ్గర ఉన్నాయని తెలిసి, వాటి కోసం మనుషులను పంపాడు. ఆమె నగలతోపాటు కావేరిలో దూకేస్తూ శపించింది: తలకాడు ఇసుకైపోవాలి, ఎదుటి గట్టున ఉన్న మాలంగి మడుగైపోవాలి, మైసూరు రాజులకు పిల్లలు కలగకూడదు. తనను వెంటాడిన రాజవంశమే తర్వాత ఆమెకు విగ్రహం చేయించి పూజించింది.

ఈ కథను మూఢనమ్మకమని పక్కన పెట్టేయడం నాకు ఇష్టం లేదు. శాపంలోని మొదటి రెండు మాటలను నది పక్కన నిలబడి తలుచుకోవాలి. తలకాడు దగ్గర కావేరి బలంగా వంపు తిరుగుతుంది. వంపులో ఏ నదైనా చేసే పని ఒకటే. నీరు నెమ్మదించిన గట్టున ఇసుక వదులుతుంది, వడిగా తాకిన గట్టును కోసి లోతు చేస్తుంది. ఒక ఊరికి ఇసుక, ఎదుటి ఊరికి మడుగు. నదిని తరతరాలుగా చూసిన కళ్లే ఆ మాటలను అలమేలమ్మ నోట పెట్టాయి.

మరి అంతకు ముందు వందల ఏళ్లు అదే వంపు పక్కన రాజధాని క్షేమంగా ఎలా ఉంది? బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కె.ఎన్. గణేశయ్య ఈ ప్రశ్నను పట్టుకుని కథనూ, చరిత్రనూ, పర్యావరణాన్నీ కలిపి చూశారు. ఆయన వివరణ ఇదీ: ఎగువన విజయనగర కాలంలో, 14వ శతాబ్దంలో, మాధవమంత్రి పేరుతో ఉన్న ఆనకట్ట కట్టారు. నీళ్లు కాలువల్లోకి మళ్లాక దిగువన ప్రవాహం సన్నబడింది. వేసవిలో ఇసుక మేట బయటపడి ఎండింది. నైరుతి గాలులు మొదలయ్యే రోజుల్లో, వాన ఇంకా ఇసుకను తడపకముందే, గాలి దాన్ని గట్టు మీదకు ఎత్తిపోసింది. నేను దారిలో చూసి మురిసిన పచ్చదనానికీ ఈ ఎడారికీ మూలం నది నీటిని మళ్లించడమే అన్నమాట. తలకాడులో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించింది ఇదే.

ఇసుక నడిచే తీరు కూడా వింతే. రేణువు ధూళిలా గాల్లో తేలిపోదు. నేలకు దగ్గరగా ఎగిరి పడుతుంది, పడ్డ చోట మరికొన్ని రేణువులను లేపుతుంది. గోలీలాటలో ఒక గోలీ తగిలి మిగతావి చెదిరినట్టు, గాలి ఉన్నంతసేపూ ఈ ఆట సాగుతుంది. గోడ అడ్డం వస్తే దాని చాటున గాలి నెమ్మదిస్తుంది. మోసుకొచ్చిన ఇసుకను అక్కడే వదిలేస్తుంది. అంటే దిబ్బ నిలవడానికి చోటిచ్చింది ఆ గుళ్ల గోడలే. ఎంత గట్టిగా కడితే అంత బాగా ఇసుకను పట్టి ఉంచాయి. దిబ్బలు ఏటా తొమ్మిది పది అడుగులు ఊరి మీదకు జరిగేవని బ్రిటిష్ కాలపు మైసూరు గెజిటీరు రాసింది. జనం ఇళ్లు వదిలి వెనక్కి జరిగారు, మళ్లీ కట్టుకున్నారు, మళ్లీ జరిగారు. దేవుళ్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోయారు.

ఇప్పుడు దిబ్బలకు నీలగిరి, సరుగుడు చెట్లు వేరు పట్టుగా నిలిచాయి. చెట్లు నాటడం మంచిదే, లేకపోతే ఈపాటికి మరో వీధి పోయేది. తవ్వడం విషయంలో మాత్రం తొందర వద్దనిపిస్తుంది. కీర్తినారాయణుడి గుడి చుట్టూ పేరుకున్న ఇసుక తీసి, చెదిరిన రాళ్లను పురావస్తు శాఖ వారు ఓపికగా తిరిగి పేర్చారు. అంత ఓపిక పెట్టగలిగినప్పుడే తక్కినవి తీయాలి. ఇసుక కింద ఉన్నంతకాలం చెక్కడాలను ఎండా వానా తాకవు, మనిషి చెయ్యీ తాకదు.

కార్తీక సోమవారం విశేష నక్షత్రంతో కలిసే అరుదైన సంవత్సరాల్లో పంచలింగ దర్శనం జరుగుతుంది. 2009లో, 2013లో, 2020లో జరిగింది. వైద్యేశ్వర, పాతాళేశ్వర, మరుళేశ్వర, అర్కేశ్వరులతోపాటు ముడుకుతొరె కొండ మీది మల్లికార్జునుణ్నీ చూసుకోవడానికి జనం ఇసుక తొక్కుకుంటూ తరలివస్తారు. మామూలు రోజుల్లో వెళితే దిబ్బల మధ్య మన అడుగుల చప్పుడు కూడా మనకు వినపడదు. నది ఒడ్డున పుట్టి నడిపేవాళ్ల పిలుపులు దూరంగా వినిపిస్తాయి.

మనకూ ఇలాంటి చోటు ఒకటుంది. 2020 జూన్‌లో నెల్లూరు జిల్లా పెరుమాళ్లపాడు దగ్గర పెన్నా ఇసుకలో ఊరివాళ్లు తవ్వితే నాగేశ్వరస్వామి ఆలయ శిఖరం బయటపడింది. అక్కడ గుడి ఉండేదని పెద్దవాళ్ల నోట విన్న యువకులే పూనుకుని తవ్వించారు. తలకాడు చూసి వచ్చినవాళ్లు పెన్నా ఒడ్డుకూ వెళ్లాలి. గుడి ఆనవాలు ఎక్కడుండేదో ఊరి ముసలివాళ్లను కూర్చోబెట్టి అడగాలి, చెప్పింది రాసుకోవాలి.