లీగు ఆడితేనే ఆటగాడు: హైదరాబాదు ఫుట్‌బాల్ కథ



పేపర్లో ఆటల పేజీ తీస్తే "లీగు", "నాకౌట్" అనే రెండు మాటలు మాటిమాటికీ కనిపిస్తాయి. ఈ రెండింటికీ తేడా ఏమిటని మా తరగతిలో చాలామంది అడిగారు. ఆ తేడా తెలియాలంటే మన హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర తెలుసుకోవాలి. అందుకే ఈసారి అదే రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

లీగు అంటే ఏమిటి?

నాకౌట్ అంటే ఓడినవాడు ఇంటికి పోవాల్సిందే. ఎనిమిది జట్లు వచ్చాయనుకోండి. మొదటి రౌండులోనే నాలుగు జట్లు సంచులు సర్దుకుంటాయి. మొత్తం 7 మ్యాచులతో పోటీ అయిపోతుంది. లీగులో అట్ల కాదు. ప్రతి జట్టు మిగతా అన్ని జట్లతో ఆడాలి. అవే ఎనిమిది జట్లకు 28 మ్యాచులు అవుతాయి. ఒక్కొక్క జట్టుకు 7 మ్యాచులు. ఈ వారం ఓడినా వచ్చే వారం మళ్ళీ ఆడొచ్చు. గెలిస్తే ఇన్ని పాయింట్లు, డ్రా అయితే ఒక పాయింటు అని లెక్క కట్టి, చివరికి ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళే విజేత.

లీగుల్లో మెట్లు కూడా ఉంటాయి. ఎ డివిజన్, బి డివిజన్, సి డివిజన్ అన్నమాట. కింది మెట్టు మీద బాగా ఆడినవాడు పై మెట్టుకు పోతాడు. అమెరికాలో బేస్‌బాల్ ఆటకు ఇట్లాంటి మెట్లే ఉన్నాయి. అక్కడ చిన్న పట్టణాల జట్లు ఆడేవాటిని మైనర్ లీగులు అంటారు. ఆ లీగులు కొన్ని కలిసి 1901లోనే ఒక సంఘం పెట్టుకున్నాయి. ఇప్పుడు టీవీలో కనిపించే పెద్ద బేస్‌బాల్ ఆటగాళ్ళలో చాలామంది ముందు ఆ చిన్న ఊళ్ళలో బస్సుల్లో తిరుగుతూ ఆడి వచ్చినవాళ్ళే.

ఒక బడిపంతులు చేసిన పని

మన దగ్గర ఇట్లాంటి పని చేసినాయన సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవాళ్ళు. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు, ఫుట్‌బాల్ ఆడారు. తరువాత బళ్ళో టీచరుగా పనిచేశారు. 1940లలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్‌గా ఉన్నారు.

ఆయన పిల్లల కోసం వింత వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని తిప్పుకుంటూ పోవద్దు, వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకో పోటీలో బలమైన కాలితో తన్నొద్దు, రెండో కాలితోనే ఆడాలి. చూసేవాళ్ళకు నవ్వు వచ్చి ఉంటుంది. కానీ ఆలోచించండి. సంవత్సరమంతా ఇట్ల ఆడిన పిల్లవాడికి రెండు కాళ్ళూ సమానంగా పనిచేస్తాయి. బంతి పంచుకోవడం అలవాటు అవుతుంది. ఇది ఒక్క రోజు పోటీతో వచ్చేది కాదు.

ఫలితం ఏమైంది? సిటీ పోలీసు జట్టు 1950లో కలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించి డూరాండ్ కప్పు గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు తెచ్చింది. హైదరాబాదు రాష్ట్ర జట్టు 1956-57లో, మళ్ళీ 1957-58లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఒలింపిక్స్ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం మన హైదరాబాదు నుండి పోయినవాళ్ళే.

సైకిలు కిరాయి

బలరాం సంగతి మనం ముఖ్యంగా తెలుసుకోవాలి. పూర్తి పేరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టాడు. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పాత బూట్ల తోలుతో కుట్టించుకుని ఆడాడు. రహీం సాబ్ అతని ఆట చూసి రమ్మన్నారు. రోజూ అంతదూరం రావడానికి డబ్బులు లేవని బలరాం చెబితే, సైకిలు కిరాయికి ఆయనే డబ్బులు ఇచ్చారు. ఆ సైకిలు మీద వచ్చిన పిల్లవాడే మెల్‌బోర్న్ పోయాడు, జకార్తాలో బంగారు పతకం తెచ్చాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు.

మెట్లు ఎట్ల విరిగాయి?

రహీం సాబ్ క్యాన్సర్‌తో 1963 జూన్ 11న చనిపోయారు. హైదరాబాదు లీగును ఆయన పేరుతో రహీం లీగు అన్నారు. ఆ తరువాత కూడా మంచి ఆటగాళ్ళు వచ్చారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ మన నయీముద్దీనే. హబీబ్ కూడా ఆ జట్టులో ఆడాడు. కానీ వీళ్ళు పేరు తెచ్చుకున్నది కలకత్తా క్లబ్బుల్లో. అక్కడ డబ్బులు, జనం రెండూ ఉన్నాయి. ఇక్కడ ఆటగాళ్ళకు పోలీసు శాఖ వంటి చోట్ల దొరికే ఉద్యోగాలు రానురాను తగ్గాయి. మైదానాలు తగ్గాయి. పిల్లలు క్రికెట్ వైపు పోయారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే ఆఖరు. 2024 డిసెంబరు 31న ఆ ట్రోఫీ ఫైనల్ హైదరాబాదు గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడింది మాత్రం బెంగాల్, కేరళ!

2019లో హైదరాబాదు ఎఫ్‌సీ అనే పెద్ద జట్టు వచ్చింది. 2022లో ఐఎస్ఎల్ కప్పు కూడా గెలిచింది. 2025లో అది ఢిల్లీకి తరలిపోయింది. డబ్బుతో తెచ్చిన జట్టు వస్తుంది, పోతుంది. కింద మెట్లు ఉంటేనే ఆట ఊళ్ళో నిలుస్తుంది.

మరి మన సంగతి?

మాది తాండూరు దగ్గర తండా. మా ఊళ్ళో నాపరాయి గనుల పక్కన ఖాళీ జాగాలో కబడ్డీ ఆడుతారు. బలంగా ఆడేవాళ్ళు ఉన్నారు. కానీ తాండూరు నుండి హైదరాబాదు వంద కిలోమీటర్ల పైనే. బలరాంకు సైకిలు సరిపోయింది, మాకు సరిపోదు. పోయినేడు మన కబడ్డీ జట్టు పోటీలకు పోయింది. నాకౌట్ పద్ధతి. మొదటి మ్యాచులోనే మూడు పాయింట్లతో ఓడిపోయాం. మధ్యాహ్నం అన్నం తిని తిరిగి వచ్చాం. సంవత్సరానికి మాకు దొరికింది ఆ నలభై నిమిషాలే. మా జట్టులో ఇద్దరు పదో తరగతి వాళ్ళు. వాళ్ళకు ఇంకో సంవత్సరం లేదు.

అందుకే నాకు తోచింది చెబుతున్నాను. మన బళ్ళోనే లీగు పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళను, చిన్నవాళ్ళను కలిపి ఆరు జట్లు చేద్దాం. ఆరు జట్లకు 15 మ్యాచులు. వారానికి రెండు ఆడితే ఎనిమిది వారాల్లో అయిపోతాయి. ప్రతి జట్టుకు 5 మ్యాచులు దొరుకుతాయి. రహీం సాబ్ లాగా మనమూ నియమాలు పెట్టొచ్చు. వాలీబాల్‌లో ఒక వారం ఎడమచేతి సర్వీసు మాత్రమే. కబడ్డీలో ఒకడే రెండుసార్లు వరుసగా కూతకు పోవద్దు. అప్పుడు అందరికీ ఆట వస్తుంది.

దీనికి స్టేడియం అక్కరలేదు. ఒక బంతి, సున్నం గీతలు, విజిల్, పాయింట్లు రాసే నోటుబుక్కు చాలు. పాయింట్ల పట్టిక ఈ గోడపత్రిక పక్కనే అంటిద్దాం. అది బాగా నడిస్తే, తరువాత వికారాబాదు, తాండూరు, పరిగి, కొడంగల్ బళ్ళు నాలుగూ కలిసి ఆడొచ్చు. నాలుగు జట్లకు ఆరు మ్యాచులే కదా! వికారాబాదు, తాండూరు మధ్య రైలుంది, మిగతా రెండు ఊళ్ళకు బస్సులున్నాయి.

పి.ఇ.టి. సారును అడిగాను. "జట్లు రాసుకొని రాండ్రి, చూద్దాం" అన్నారు. ఆడాలనుకునేవాళ్ళు తమ పేరు, తరగతి, ఏ ఆటో చీటీ మీద రాసి శనివారం లోపల నాకు ఇవ్వండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కూడా ఇవ్వండి. లీగు ఉన్నదే వాళ్ళ కోసం.