విడిపోవడం తేలిక.. సంఘంగా నిలవడమే కష్టం
లండన్ మిషన్ నాటి నుంచి కడప సీమలో చర్చిల చీలికలు, కలయికలు

ఎర్రగుంట్ల: అయ్యగారితోనో, కమిటీతోనో పొసగక కొన్ని కుటుంబాలు చర్చి నుంచి బయటికి వస్తాయి. ఎవరో ఒకరి ఇంటి వరండాలో ఆదివారం ఆరాధన మొదలవుతుంది. కొన్నాళ్లకు ఒక పేరు, ఒక బోర్డు, ఒక రేకుల షెడ్డు సమకూరుతాయి. రాయలసీమ పట్టణాలకు ఇది పరిచితమైన వ్యవహారమే. సిమెంటు కర్మాగారాలు, నాపరాళ్ల గనులు, కలమల్ల వద్ద ఉన్న థర్మల్ విద్యుత్ కేంద్రం చుట్టూ పెరిగిన ఎర్రగుంట్ల వంటి చోట్ల, ఉపాధి కోసం వచ్చిన కుటుంబాలు తమ తమ మిషన్ల ఆనవాయితీలను కూడా వెంట తెచ్చుకుంటాయి.

అయితే బయటికి వచ్చినవారు తమది ‘ప్రెస్బిటేరియన్’ సంఘమని చెప్పుకోదలిస్తే మాత్రం బోర్డు పెట్టడంతో పని పూర్తి కాదు. ఎవరికీ జవాబు చెప్పనవసరం లేకుండా ఒంటరిగా ఉండే సంఘం ఆ పేరుకు తగదు. ఒక పాలన నుంచి విడివడినవారు మరో పాలనకు లోబడినప్పుడే ఆ పేరు సార్థకమవుతుంది. ఈ నియమం విదేశీ పుస్తకాల్లోనిదే అయినా, కడప జిల్లా క్రైస్తవ చరిత్రలో దీనికి గట్టి సాక్ష్యాలున్నాయి.

పేరులోనే పెద్దరికం

‘ప్రెస్బిటర్’ అన్న గ్రీకు మూలపదానికి తెలుగు బైబిలులో వాడిన మాట ‘పెద్ద’. ప్రెస్బిటేరియన్ పద్ధతి అంటే పెద్దల పాలన. సంఘ సభ్యులు తమలో కొందరిని పెద్దలుగా ఎన్నుకుంటారు. ఆ పెద్దలు, సంఘ కాపరి కలిసిన సభను ‘సెషన్’ అంటారు. ఎవరిని సభ్యులుగా చేర్చుకోవాలి, తప్పు చేసినవారిని ఎలా దిద్దాలి అన్నవి ఆ సభ తేలుస్తుంది. ఒక ప్రాంతంలోని సంఘాల కాపరులు, పెద్దల ప్రతినిధులు కలిస్తే ‘ప్రెస్బిటరీ’. దానిపైన సినడ్, ఆపైన మహాసభ ఉంటాయి. కాపరికి అభిషేకం ఇచ్చేది, అవసరమైతే తొలగించేది ప్రెస్బిటరీయే. సభ్యులకు నచ్చినంత మాత్రాన ఒకరు కాపరి కాలేరు, నచ్చనంత మాత్రాన పదవి పోగొట్టుకోరు.

ఆంగ్లికన్ పద్ధతిలో ఈ అధికారం బిషప్పుది. కాంగ్రిగేషనల్ పద్ధతిలో ఏ సంఘం వ్యవహారం ఆ సంఘానిదే. ఈ మూడు పద్ధతులూ పాత కడప జిల్లాలో పక్కపక్కనే ఉండేవి. కడప, జమ్మలమడుగుల్లో పనిచేసిన లండన్ మిషన్‌ది ప్రధానంగా కాంగ్రిగేషనల్ సంప్రదాయం. కలసపాడు, నంద్యాల వైపు పనిచేసిన ఎస్‌పీజీ మిషన్‌ది ఆంగ్లికన్ సంప్రదాయం. 1911 దాకా కడప జిల్లాలోనే ఉన్న మదనపల్లెలో అమెరికాకు చెందిన ఆర్కాటు మిషన్ పనిచేసింది. ఆ మిషన్ వెనుక ఉన్న రిఫార్మ్‌డ్ సంఘంలో సాగేది పెద్దల పాలనే. 1863లో మదనపల్లె చేరిన డాక్టర్ జేకబ్ ఛాంబర్లేన్ వైద్యుడు, తెలుగు పండితుడు. నేటి క్రైస్తవులకు ఆయన వైద్యం గుర్తున్నంతగా, మిషన్ల ఐక్యత కోసం ఆయన పడిన శ్రమ గుర్తులేదు.

కడపలో తొలి ఎడబాటు

లండన్ మిషన్ కడపలో 1822లో పని ప్రారంభించింది. తొలి మిషనరీ విలియం హోవెల్ దాదాపు రెండు దశాబ్దాలు అక్కడ ఉన్నారు. 1840వ దశకం తొలినాళ్లలో ఆయన లండన్ మిషన్‌ను వీడి ఆంగ్లికన్ సంఘంలో చేరారు. బిషప్పు ఏలుబడిలోని ఆరాధన కోరుకున్న కొన్ని కుటుంబాలు కూడా పాత సంఘం నుంచి వేరుపడ్డాయి. ఎస్‌పీజీ వారి తెలుగు మిషన్‌కు అంకురార్పణ ఆ విధంగా జరిగింది.

ఇక్కడ గమనించదగినది ఒకటుంది. వేరుపడినవారు స్వతంత్ర సంఘంగా ఉండిపోలేదు. వెంటనే ఒక బిషప్పును, ఒక మిషన్ సొసైటీని ఆశ్రయించారు. అందువల్లే ఆ చిన్న చీలిక కాలగర్భంలో కలిసిపోకుండా ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రాలుగా విస్తరించింది. 1850వ దశకం నుంచి ముత్యాలపాడులో మిషనరీ జాన్ క్లే చేసిన కృషితో పల్లెల్లో, ముఖ్యంగా మాలవాడల్లో సంఘాలు వెలిశాయి. ఒకే ఊరి నుంచి పుట్టిన రెండు శాఖలు ఆ తర్వాత శతాబ్దానికి పైగా వేర్వేరు ప్రార్థన పుస్తకాలతో, వేర్వేరు బడులతో, వేర్వేరు అధికారుల కింద నడిచాయి.

చర్చిలు వదిలి.. పడవలో ఆరాధన

కడపలో ఈ మార్పులు జరుగుతున్న రోజుల్లోనే, ప్రెస్బిటేరియన్లకు పుట్టినిల్లు వంటి స్కాట్లండ్‌లో అంతకు ఎన్నో రెట్లు పెద్ద చీలిక వచ్చింది. అక్కడ సంఘానికి కాపరిని నియమించే హక్కు చాలాచోట్ల భూస్వాముల చేతిలో ఉండేది. సంఘం వద్దన్నా వారు పంపినవారే కాపరి. పదేళ్ల వివాదం తర్వాత 1843 మే 18న ఎడిన్‌బరో మహాసభలో మోడరేటర్ డేవిడ్ వెల్ష్ నిరసన పత్రం చదివి బయటికి నడిచారు. ఆయన వెంట కదిలినవారు మరో భవనంలో సమావేశమై థామస్ చామర్స్‌ను మోడరేటర్‌గా ఎన్నుకున్నారు. మొత్తంగా 474 మంది కాపరులు పాత సంఘాన్ని వీడి ఫ్రీ చర్చిలో చేరారు.

వారు పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు. చర్చి భవనాలు, నివాస గృహాలు, జీతాలు అన్నీ పాత సంఘానికే మిగిలాయి. కొందరు భూస్వాములు కొత్త చర్చికి సెంటు స్థలం కూడా ఇవ్వలేదు. స్ట్రాంషియన్ అనే చోట సభ్యులు ఇనుముతో తేలియాడే చర్చిని చేయించుకొని నీటి మీదే ఆరాధన చేసుకున్నారు. అయితే బయటికి వచ్చిన మొదటి రోజే వారు మహాసభగా కూడారు. కాపరుల జీతాలకు అన్ని సంఘాలూ చందా వేసే ఉమ్మడి నిధిని ఏర్పాటు చేశారు. పేద పల్లె సంఘం కాపరికీ ఆ నిధి నుంచే భృతి అందేది. భూస్వామి పెత్తనాన్ని కాదన్నారే తప్ప పెద్దల పాలనను కాదనలేదు.

ఈ చీలిక ప్రభావం మద్రాసును కూడా తాకింది. భారత్‌లోని స్కాట్లండ్ మిషనరీలు ఫ్రీ చర్చి పక్షం వహించారు. కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ తాను కట్టించిన విద్యాలయ భవనాన్ని వదులుకోవలసి వచ్చింది. మద్రాసులో జాన్ ఆండర్సన్ 1837లో ప్రారంభించిన పాఠశాల ఫ్రీ చర్చి పక్షాన కొనసాగి, కాలక్రమంలో మద్రాసు క్రిస్టియన్ కళాశాలగా ఎదిగింది. స్కాట్లండ్‌లో విడిపోయినవారిలో అధికభాగం తిరిగి పాత సంఘంతో కలిసింది 1929లో. అంటే 86 ఏళ్ల తర్వాత!

కలిసినవారు, కలవనివారు

దక్షిణాదిలో గాలి అటు తర్వాత ఐక్యత వైపు మళ్లింది. స్కాట్లండ్, ఆర్కాటు మిషన్ల ప్రెస్బిటేరియన్లు 1901లో ఒక్కటయ్యారు. 1908లో వారితో లండన్ మిషన్, అమెరికన్ మిషన్ సంఘాలు కలిసి దక్షిణ భారత ఐక్య సంఘం ఏర్పడింది. ఛాంబర్లేన్ మరణించింది కూడా ఆ సంవత్సరమే. కడప, జమ్మలమడుగు ప్రాంత సంఘాలు, మదనపల్లె సంఘాలు ఈ విధంగా ఒకే గొడుగు కిందికి వచ్చాయి.

1919లో తరంగంబాడిలో వెలువడిన ఐక్యతా ప్రకటన వెనుక దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఉన్నారు. చర్చలు సుదీర్ఘంగా సాగాయి. ఫలితం చూడకుండానే 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘాలు కలిసి సీఎస్‌ఐ ఆవిర్భవించింది. ఆ రోజు అభిషిక్తులైన బిషప్పుల్లో కడపకు హెచ్. సుమిత్ర, అనంతపురం-కర్నూలుకు బన్యన్ జోసెఫ్ ఉన్నారు. ఈ రెండు అధ్యక్ష మండలాలు 1950లో రాయలసీమ అధ్యక్ష మండలంగా కలిశాయి. సుమిత్ర 1954లో సీఎస్‌ఐ మోడరేటర్ అయ్యారు.

అందరూ సమ్మతించలేదు. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందనివారిని కూడా కాపరులుగా అంగీకరించాలన్నది నంద్యాల ప్రాంత ఆంగ్లికన్లలో అత్యధికులకు మింగుడుపడలేదు. వారు సీఎస్‌ఐలో ఉండక, కలకత్తా మెట్రోపాలిటన్ ఏలుబడిలోని పాత ఆంగ్లికన్ సంఘంతోనే ఉండిపోయారు. చుట్టూ సీఎస్‌ఐ, మధ్యలో నంద్యాల దీవి. 1975లో గాని నంద్యాల అధ్యక్ష మండలం సీఎస్‌ఐలో చేరలేదు. అంటే 1840వ దశకంలో కడపలో వేరుపడిన రెండు శాఖలు ఒకే సంఘం కిందికి రావడానికి సుమారు 130 ఏళ్లు పట్టింది. అంతకాలం రెండూ నిలిచి ఉండబట్టే మళ్లీ కలవగలిగాయి.

ఇందులో ఒక చిత్రమూ లేకపోలేదు. సీఎస్‌ఐలో కాపరిని నేటికీ ‘ప్రెస్బిటర్’ అనే వ్యవహరిస్తారు. ‘ప్రెస్బిటర్ ఇన్‌ఛార్జి’ అన్న పలకలు చర్చిల వద్ద కనిపిస్తూనే ఉంటాయి. కనుక సీఎస్‌ఐని వీడి ప్రెస్బిటేరియన్ అవుతామనేవారు, తాము వెతుకుతున్న వారసత్వంలో కొంత భాగాన్ని వదిలి వస్తున్నట్టే లెక్క.

వెంట వచ్చేవి, రానివి

బయటికి వచ్చే కుటుంబాలకు మొదట ఎదురయ్యే ప్రశ్న భవనం. తాతల నాటి కానుకలతో కట్టిన గోడలైనా వాటిపై సభ్యులకు విడిగా హక్కు ఉండదు. సీఎస్‌ఐ స్థిరాస్తుల నిర్వహణకు 1947లోనే సీఎస్‌ఐ ట్రస్టు అసోసియేషన్ అనే సంస్థను నమోదు చేశారు. ఆస్తి అక్కడే ఉంటుంది, మనుషులే కదులుతారు. అమెరికాలోనూ ఈ చిక్కు ఉంది. ప్రెస్బిటేరియన్ సంఘాల ఆస్తి తగాదాలపై అక్కడి సుప్రీంకోర్టు 19వ శతాబ్దంలో ఒకసారి, 1979లో మరోసారి ముఖ్యమైన తీర్పులు ఇచ్చింది. 2012లో అక్కడి పెద్ద ప్రెస్బిటేరియన్ సంఘం నుంచి విడివడిన కొన్ని సంఘాలు ‘ఎకో’ పేరుతో కొత్త కూటమిగా ఏర్పడినప్పుడూ భవనాల సంగతే ప్రధాన చర్చ అయింది.

భవనం లేకున్నా ఆరాధన ఆగదు. పెళ్లి ఆగుతుంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఎవరు పడితే వారు వివాహం జరిపించరాదు. బిషప్పు అభిషేకించిన గురువులు, స్కాట్లండ్ సంఘ గురువులు, ప్రభుత్వ లైసెన్సు పొందిన మత బోధకులు, వివాహ రిజిస్ట్రార్లు వంటివారికే ఆ అధికారం ఉంది. అధికారం లేకుండా జరిపిస్తే పదేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు. కొత్త సంఘం కాపరికి లైసెన్సు లేకుంటే, ఆ సంఘంలో పెళ్లీడుకు వచ్చిన పిల్లల తల్లిదండ్రులకు తొలి కష్టం అక్కడే మొదలవుతుంది.

సమాధుల తోట సంగతి మరీ సున్నితమైనది. పాత సంఘం స్థలంలో తల్లిదండ్రులను పూడ్చిన కుటుంబం, రేపు తమలో ఒకరు పోతే అదే చోటు దొరుకుతుందా అని ఆలోచించక తప్పదు. విడిపోయే రోజున వేడిలో ఎవరికీ తట్టని ప్రశ్న ఇది. పాత సంఘంతో మాట్లాడుకొని కాగితం మీద రాసుకోవలసిన మొదటి అంశం కూడా ఇదే.

సొసైటీగా నమోదు కావడం వీటితో పోలిస్తే తేలిక. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం-2001 కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే దరఖాస్తు చేసుకోవచ్చు. నియమావళి జతచేసి జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇవ్వాలి. బ్యాంకు ఖాతాకు, స్థలం కొనుగోలుకు అది పనికొస్తుంది. అయితే ఆ ధ్రువపత్రంతో సొసైటీ ఏర్పడుతుందే గాని ప్రెస్బిటేరియన్ సంఘం ఏర్పడదు.

ప్రెస్బిటరీ తలుపు తట్టాలి

సంఘంగా గుర్తింపు కోరేవారు ముందుగా ఒక ప్రెస్బిటరీకి విన్నపం పెట్టుకోవాలి. దేశంలో ప్రెస్బిటేరియన్ల బలం అధికంగా ఈశాన్యంలో, ముఖ్యంగా 1841లో వెల్ష్ మిషన్ అడుగుపెట్టిన ఖాసీ కొండల్లోను, మిజోరంలోను ఉంది. తెలుగునాట ఈ సంప్రదాయంలో చాలాభాగం 1908, 1947 కలయికల్లో ఇమిడిపోయింది. కనుక ఎర్రగుంట్ల వంటి చోట విడిపోయిన కుటుంబాలకు ప్రెస్బిటరీ దొరకడమే పెద్ద పని.

విన్నపం అందాక ప్రెస్బిటరీ ఒక సంఘాన్ని విచారణకు పంపుతుంది. ఎందుకు విడిపోయారు, పాత సంఘంతో తగాదా తేలిందా, కాపరిని పోషించగలరా అని ఆరా తీస్తుంది. పాత సంఘం నుంచి సభ్యత్వ బదిలీ పత్రాలు తెచ్చుకొమ్మని అడగడం ఆనవాయితీ. అలిగి వచ్చినవారికి ఇదే కొరుకుడుపడదు. వద్దనుకొని వచ్చిన చోటికే తిరిగి వెళ్లి సంతకం అడగాలి. పత్రం ఇవ్వకపోతే విశ్వాస ప్రమాణం చేయించి చేర్చుకునే మార్గమూ ఉంది.

ఆ తర్వాత సభ్యుల జాబితా చదివి, పెద్దల ఎన్నిక జరుపుతారు. ఎన్నికైనవారికి శిక్షణ ఇచ్చి, పరీక్షించి, అభిషేకిస్తారు. బాప్తిస్మం, ప్రభువు బల్ల ఆచరించవలసింది అభిషిక్తుడైన కాపరే కనుక, కాపరి కుదిరే వరకు ప్రెస్బిటరీ ఒక గురువును పంపుతూ ఉంటుంది. అంతవరకు వాక్యం చదవడం, ప్రార్థన నడపడం పెద్దల పని. వారి తొలి సభ తీర్మానాలు మినిట్సు పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకాన్ని ఏడాదికోసారి ప్రెస్బిటరీ ముందు తనిఖీకి పెట్టాలి.